హవర్ మీటర్ చూసి పాత ట్రాక్టర్ కొంటున్నారా?

[పాత ట్రాక్టర్ పక్కన నిలబడి, బానెట్ మీద చెయ్యి]

అందరికీ నమస్కారం. కిందటి వీడియోకి వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకే తీరు. "అన్నా, 2018 మోడల్, 45 హెచ్‌పీ, మీటర్ 2,100 గంటలే తిరిగింది, మూడున్నర లక్షలు చెబుతున్నారు, తీసుకోవచ్చా?" ఇన్నేళ్ళూ ఆ బండి ఏం పని చేసింది అని నేను తిరిగి అడుగుతాను. జవాబు ఉండదు. కొనేవాడే అడగలేదు మరి. మూడున్నర లక్షలు పోసేవాడు ఆ ఒక్క ముక్క అడక్కపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

మన ఒంగోలు గిత్తని కొనేటప్పుడు దాని వయసు అమ్మేవాడి నోటి నుంచి విని ఎవరన్నా డబ్బులిచ్చారా? నోరు తెరిచి పళ్ళు చూసేవాళ్ళు. బండలాగుడు పోటీల్లో ఈరోజుకీ రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెట్టేది అందుకే. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే హవర్ మీటర్ అంటే అమ్మేవాడు చెప్పిన వయసు. మనకి కావలసింది ట్రాక్టర్ పళ్ళు.

[దగ్గరగా: హవర్ మీటర్]

పాత బళ్ళలో చాలావాటికి మీటర్ ఇంజిన్ నుంచి వచ్చే కేబుల్‌తో తిరుగుతుంది. కేబుల్ ఊడదీస్తే మీటర్ ఆగుతుంది, బండి మాత్రం పొలంలో తిరుగుతూనే ఉంటుంది. పైగా ఈ రకం మీటర్‌కి ఇంజిన్ ఒక నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే దాని గంట, మన గంట ఒకటవుతాయి. ఇంజిన్ స్లోలో ఉంటే మీటర్ కూడా నెమ్మదిస్తుంది. అంటే మోసం చెయ్యకపోయినా ఆ 2,100 అన్నది అసలు గంటలు కాకపోవచ్చు.

సరే, పళ్ళ దగ్గరికి వద్దాం. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ట్రాక్టర్లు ముఖ్యంగా మూడు రకాల పనులు చేస్తాయి. ఏ పని చేసినా బండి మీద దాని గుర్తు ఉంటుంది.

మొదటిది దమ్ము, అంటే వరి నాట్లకి బురద దున్నడం. కోవూరు, ఇందుకూరుపేట వైపు పెన్నా కింద కయ్యల్లో తిరిగిన బండి. పెద్ద పంటకీ, రెండో పంట ఎడగారుకీ ఇనప చక్రాలు వేసుకుని ఇరుసు దాకా బురదలో దిగుతుంది. అలాంటి బండికి ముందు ఆయిల్ సీళ్ళు పోతాయి, ఆ సందుల్లోంచి నీళ్ళు, బురద లోపలికి చేరతాయి. వెనక చక్రాల లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి, ఆయిల్ జిడ్డు తగిలితే ఆగండి. గేర్ ఆయిల్ కొంచెం బయటికి తీయించండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపల నీళ్ళు చేరినట్టే. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసు సీళ్ళు కూడా చూడాలి. చాలామంది అటు వంగను కూడా వంగరు.

రెండోది మెట్ట దుక్కి. దర్శి, పొదిలి వైపు పొగాకు, కంది, శనగ చేలల్లో గొర్రు, రోటావేటర్ లాగిన బండి. దీనికి శత్రువు దుమ్ము. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కి పోయే గొట్టం ఊడదీసి లోపల వేలు తిప్పండి. ఫిల్టర్ దాటాక కూడా దుమ్ము అంటుకుంటే, ఆ దుమ్మంతా పిస్టన్ రింగుల్ని అరగదీస్తూ ఉందని అర్థం. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

మూడోది తోలకం, అంటే బరువులు మోయడం. చీమకుర్తి రాయి, పెన్నా ఇసుక, ఇటుక, ఏదైనా సరే. నన్నడిగితే సొంత సేద్యానికి ఈ బండి జోలికే పోవద్దు. బండ లాగిన గిత్త జబ్బపుష్టిగా, చూడ్డానికి రాజాలా ఉంటుంది. అయినా దుక్కికి దాన్ని కొంటామా? తోలకం బండి కూడా అంతే, కొత్త పెయింటుతో ధగధగలాడుతుంది. పెయింటంటే కొమ్ములకి నూనె రాయడమే, దాన్ని చూడొద్దు.

[దగ్గరగా: వెనక హుక్కు]

ఇదిగో, ఈ హుక్కు చూడండి. ట్రక్కు, అంటే ట్రాలీ తగిలించే పిన్ను కన్నం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా? సాగితే బరువులు లాగిన బండే, ఇంకేం చెప్పక్కర్లేదు. ఇది ఆరు పళ్ళు దాటేసిన గిత్త! వెనక టైరు గుళ్ళు, అంటే పైకి లేచిన గట్లు, మధ్యలో చదునుగా అరిగాయంటే తారు రోడ్డు మీద తిరిగింది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3221 అంటే 2021లో 32వ వారం తయారైంది. 2018 బండికి 2021లోనే రెండోసారి టైర్లు పడ్డాయంటే, ఆ 2,100 గంటలు ఎంత నిజమో మీరే ఆలోచించుకోండి.

గిత్తని నడిపించి చూస్తాం కదా. మీరూ అంతే. వెళ్ళేముందే ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అనండి. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు అది స్టార్ట్ కాదని అమ్మేవాడికి తెలుసు. తర్వాత రోటావేటర్ తగిలించి లిఫ్ట్ పైకెత్తి ఇంజిన్ ఆపండి. కళ్ళముందే కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్ పని ఉంది. లోడు మీద గేరు దానంతటది ఊడి వస్తుంటే గేర్‌బాక్స్ విప్పాలి, అది చిన్న ఖర్చు కాదు.

ఇప్పుడు కొత్తదా పాతదా. దీనికి పళ్ళు చూడాల్సింది బండికి కాదు, మీ పనికి! ఏడాదికి ఎన్ని గంటలు తోలతారు? పదెకరాలు, రెండు పంటలు, ఎకరానికి అన్ని సాళ్ళూ కలిపి పంటకి 8 గంటలు అనుకుందాం. 160 గంటలు. ఉదాహరణకి వేసుకున్న అంకెలివి, మీ వడ్డీ, మీ మెకానిక్ బిల్లు మీరు పెట్టుకోండి. కొత్త బండి ఏడాదికి ధరలో తరుగు 55 వేలు, వడ్డీ 50 వేలు, సర్వీసు 10 వేలు. గంటకి దాదాపు 720 రూపాయలు, డీజిల్ కాక. పాతది తరుగు 25, వడ్డీ 30, రిపేరు 30 వేలు. గంటకి 530.

అదే బాడుగకి తోలుతూ 800 గంటలు తిప్పితే? కొత్తది తరుగు 80, వడ్డీ 50, సర్వీసు 30 వేలు, గంటకి 200. పాతదానికి తరుగు 35, వడ్డీ 30, రిపేర్లు లక్ష అనుకోండి, గంటకి 206. రెండూ ఒకటయ్యాయి కదా. పైగా ఊరంతా దమ్ము పట్టే వారంలో పాతది షెడ్డులో పడుకుంటే ఆ ఊరి బాడుగలు పక్కవాడివైపోతాయి. అందుకే బాడుగ వాళ్ళకి కొత్తది, ఇంటి పనికి మంచి పాతది అంటాను. పదెకరాల లోపు వాళ్ళు అసలు కొనకుండా బాడుగకి తోలించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంటి ముందు ట్రాక్టర్ ఉండాలన్న సరదాకి లెక్క కట్టడం నా వల్ల కాదు.

బేరంలో ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు పన్నుతో 8 లక్షలకి కొన్న బండి, కంపెనీ ధర మారకపోతే, ఇప్పుడు కొత్తదే ఏడున్నర. అమ్మేవాడు మాత్రం "నేను ఎనిమిదికి కొన్నా" అనే మొదలుపెడతాడు. మీరు ఇవాళ్టి కొత్త ధర నుంచి కిందికి రండి.

[స్క్రీన్ మీద: కాగితాలు]

వీడియో పెద్దదైపోతోంది, కాగితాలు గబగబా చెప్పేస్తా. ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదవాటితో పోల్చండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35. పేరు మార్పిడికి ఫారం 29, 30. 50 హెచ్‌పీ పైన, 2023 నుంచి వచ్చిన బళ్ళు కొత్త పొగ నిబంధనలవి, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్ళండి. ట్రక్కు కూడా కలిపి ఇస్తుంటే దాని రిజిస్ట్రేషన్ వేరుగా అడగండి.

అమ్మేవాళ్ళకి కూడా ఒక ముక్క. "పేరు తర్వాత మార్చుకుంటాలే అన్నా" అంటే ఒప్పుకోవద్దు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు వాళ్ళే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారేదాకా కొంత డబ్బు బాకీ ఉంచుకోవడం కొనేవాడి జాగ్రత్త, కాగితం పూర్తయ్యేదాకా ఆర్‌టీఓ ఆఫీసుకి కూడా రావడం అమ్మేవాడి పని. రోటావేటర్ ఎన్ని అడుగులది తీసుకోవాలన్నది వచ్చే వీడియోలో.