పెట్రోల్ ఎక్కువై మొరాయించే ఇంజిన్

అందరికీ నమస్కారం.

కారు సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. అప్పుడు చాలామంది మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడతారు. దయచేసి ఆపండి. కొట్టిన ప్రతిసారీ ఇంజెక్టర్లు ఇంకాస్త పెట్రోల్ చిమ్ముతాయి, ఇంజిన్ చల్లగా ఉంటే మరీ ఎక్కువగా.

కిలో పెట్రోల్ సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క బాగా తప్పితే మిశ్రమం అంటుకోదు. పైగా నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ కొనమీది తెల్లటి పింగాణీ తడిసి మసి పట్టిందంటే, కరెంటు ప్లగ్ కొన దగ్గరి గ్యాప్ దాటకుండా ఆ తడి మీదుగానే బాడీకి పోతుంది. ఇక స్పార్క్ ఎక్కడిది?

పది నిమిషాలు ఆగండి. లైట్లు, ఏసీ కట్టేయండి. యాక్సిలరేటర్‌ను ముందే అడుగంటా తొక్కి, కాలు తీయకుండా ఐదు నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. తొక్కడం ముందు, సెల్ఫ్ తర్వాత. ఈ వరస తప్పకూడదు. పెడల్ పూర్తిగా దిగి ఉంటే చాలా ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ పెట్రోల్ ఆపేసి, గాలిని మాత్రమే లోపలికి పోనిస్తుంది. ఇంజిన్ అందుకోగానే కాలు తీయండి, లేకపోతే ఒక్కసారిగా రేజ్ అవుతుంది. అందుకోకపోతే సెల్ఫ్ మోటార్ చల్లబడేలా ఒక నిమిషం ఆగి, ఇంకో రెండు మూడు సార్లు చూడండి. ఇంజెక్టర్లు లేని పాత కార్బురేటర్ బండికైతే చోక్ ఆఫ్ చేసి పెడల్ తొక్కిపట్టండి. పదేపదే తొక్కి వదిలితే ప్రతి తొక్కుకీ పెట్రోల్ లోపలికి పడుతుంది.

అప్పటికీ కాకపోతే ప్లగ్గులు విప్పాలి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు, ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ కనెక్టర్లు ముందే తీసేయండి. ప్లగ్ గుంతల్లోని దుమ్ము ఊదేశాకే పానా పెట్టండి, ఎక్కువగా 16 లేదా 21 మిల్లీమీటర్లది సరిపోతుంది. ప్లగ్ పొడిగా వచ్చిందా, మీ సమస్య ఇది కాదు. అసలు పెట్రోలే రావడం లేదేమో చూడాలి. తడిగా వస్తే, ప్లగ్గులు లేకుండానే కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టండి. రంధ్రాల్లోంచి పెట్రోల్ తుంపర ఎగజిమ్ముతుంది కాబట్టి పక్కకు నిలబడండి, దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు. ప్లగ్గులు ఆరబెట్టి, గ్యాప్ మాన్యువల్ ప్రకారం సరిచూసి, మొదటి చుట్లు చేత్తోనే బిగించండి.

చాలామంది పట్టించుకోని సంగతొకటి ఉంది. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. దాంతో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, పడిపోతుంది, సెల్ఫ్ మామూలుకన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. అప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి సిలిండర్‌కు ఒక టీస్పూన్, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్గులు పెట్టకముందే రెండు చుట్లు తిప్పండి. ప్లగ్గులు, ఫ్యూజు, కనెక్టర్లు తిరిగి పెట్టి స్టార్ట్ చేశాక కాసేపు పొగ వస్తుంది, కంగారుపడొద్దు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా బండి నడపకండి.

తోసి స్టార్ట్ చేయొద్దు. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండితే అది పాడవుతుంది.

చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, బండి నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేయడమే తరచుగా దీనికి కారణం. అలా చేయకపోయినా పదేపదే ఇలాగే అవుతుంటే బ్యాటరీ, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చూపించండి. వేడెక్కిన ఇంజిన్‌ను కూడా చల్లగా ఉందని సెన్సర్ చెబితే కంప్యూటర్ పెట్రోల్ పెంచుతూనే ఉంటుంది. వేడిగా ఉన్న బండి అరగంట ఆగాక మొరాయిస్తుంటే, కారుతున్న ఇంజెక్టర్‌ను అనుమానించండి.