పింక్ చీర కొన్నాను, ఆ డబ్బు ఎటు పోయింది?

(దృశ్యం: నెల్లూరు చిన్నబజార్, సాయంత్రం. బట్టల కొట్టు ముందు గులాబీ బెలూన్లు. నడుస్తూ మాట్లాడటం.)

అందరికీ నమస్కారం. ఇది నెల్లూరు చిన్నబజార్. అక్టోబర్ నెల, అంటే రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల. ఈ పక్కన దీపావళి ఆఫర్ బోర్డు, దాని పక్కనే ఇంకో బోర్డు. గులాబీ రిబ్బన్ బొమ్మ వేసి, పింక్ చీర కొని క్యాన్సర్ మీద పోరాటంలో చేయి కలపమని రాశారు. కొట్టు పేరు చెప్పను, బోర్డు కూడా బ్లర్ చేశాను. ఇలాంటి బోర్డు ఏ ఊళ్లోనైనా కనిపిస్తుంది, ఒక్కరినే ఎందుకు అనడం?

నేను లోపలికెళ్లాను. చీర బాగుంది, కొన్నాను కూడా. 1,850 రూపాయలు. బిల్లు కొట్టే అబ్బాయిని అడిగాను. "తమ్ముడూ, ఇందులో క్యాన్సర్ వాళ్లకి ఎంత పోతుంది?"

ఆ అబ్బాయి కంప్యూటర్ వంక చూశాడు, నా వంక చూశాడు. "అది ఆఫర్ మేడం, డిస్కౌంట్ వేసేశాను" అన్నాడు.

ఓనరుగారిని అడిగితే, "బోర్డు పైనుంచి పంపించారమ్మా, మేం పెట్టాం" అన్నారు. పాపం, ఆయన అబద్ధమైతే చెప్పలేదు.

(తెర మీద: చీర, బిల్లు, పక్కపక్కన.)

ఈ వీడియో ఆ బిల్లు గురించే. పింక్ వేసుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కొట్లో అడగాల్సిన ప్రశ్న దానంతటదే వస్తుంది.

(దృశ్యం: రెండు రిబ్బన్ ముక్కలు, ఒకటి లేత కనకాంబరం రంగు, ఒకటి గులాబీ.)

మనకు రిబ్బన్ అంటే రెండు జడలు, ఎర్ర రిబ్బన్, బడి. అమెరికాలో మాత్రం ఒక విషయానికి మద్దతుగా చొక్కాకు రిబ్బన్ గుచ్చుకోవడం అప్పటికే అలవాటు. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో షార్లట్ హేలీ అనే పెద్దావిడ ఇంట్లో కూర్చుని చేత్తో రిబ్బన్లు చుట్టేవారు. వాళ్ల అమ్మమ్మకు, అక్కకు, కూతురికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ రిబ్బన్లు గులాబీ రంగువి కావు, పీచ్ రంగువి. మన పూలకొట్టు భాషలో చెప్పాలంటే లేత కనకాంబరం రంగు.

ప్రతి అయిదు రిబ్బన్లకూ ఒక కార్డు జత చేసేవారు. జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్ ఏడాదికి 180 కోట్ల డాలర్లు, అందులో క్యాన్సర్ రాకుండా చూసే పనికి వెళ్లేది 5 శాతమే, ఈ రిబ్బన్ పెట్టుకుని మన ప్రజాప్రతినిధులను నిద్రలేపండి, అని దాని మీద ఉండేది. గమనించారా? ఆవిడ ఎవర్నీ ఏమీ కొనమనలేదు. సర్కారును లెక్క అడగమన్నారు.

1992లో 'సెల్ఫ్' అనే పత్రిక, ఎస్టీ లాడర్ అనే సౌందర్య సాధనాల కంపెనీ కలిసి రిబ్బన్ల కార్యక్రమం పెట్టుకున్నాయి. పత్రిక వాళ్లు హేలీ గారిని కలిసి, మీ రిబ్బన్ ఇవ్వండి, దేశమంతా పంచుతాం అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. మీది మరీ వ్యాపారం అన్నారు. వీళ్లు లాయర్లను అడిగితే, రంగు మార్చేయండి, గొడవ ఉండదు అని సలహా వచ్చింది. కనకాంబరం కాస్తా గులాబీ అయింది. ఆ ఏడాది ఎస్టీ లాడర్ తన మేకప్ కౌంటర్ల దగ్గర 15 లక్షల గులాబీ రిబ్బన్లు పంచింది. దీనికి ఏడాది ముందే, రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే కోమెన్ అనే సంస్థ న్యూయార్క్ పరుగులో పాల్గొన్నవాళ్లకు గులాబీ రిబ్బన్లు ఇచ్చింది కూడా. కాబట్టి రిబ్బన్ పుట్టింది ఒకరి చేతిలో, పెరిగింది ఇంకొకరి ఇంట్లో.

అక్టోబర్ నెలకూ కథ ఉంది. 1985లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీతో కలిసి ఈ అవగాహన నెలను మొదలుపెట్టింది ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ మందుల విభాగం. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మాత్ర వాళ్లదే. ఆ మాత్ర లక్షల మందికి మేలు చేసింది, అది వేరే విషయం. అయినా ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

(దృశ్యం: వంటింటి గట్టు మీద పెరుగు కప్పు. మూత తీసి, నాకి, కుళాయి కింద కడగటం.)

ఇప్పుడు నాకు బాగా నచ్చిన లెక్క చెప్తాను. యోప్లే అని అమెరికాలో పెరుగు కంపెనీ. మా గులాబీ మూత కడిగి పోస్టులో పంపండి, మూతకు 10 సెంట్లు క్యాన్సర్ సంస్థకు ఇస్తాం అంది. బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే మహిళల సంఘం కూర్చుని లెక్క కట్టింది. రోజుకు మూడు కప్పుల చొప్పున నాలుగు నెలలు ఆపకుండా తింటే పోగయ్యేది 36 డాలర్లు. ఆ పెరుగుకయ్యే ఖర్చులో ఇదెంత! పైగా పోస్టల్ స్టాంపు ఖర్చు మనదే. దానికి బదులు ఒక చెక్కు రాసి పంపిస్తే పోయేది కదా అన్నారు వాళ్లు. 2002లో "పింక్ కొనే ముందు ఆలోచించండి" అనే ప్రచారం మొదలుపెట్టింది వీళ్లే.

2010లో కేఎఫ్‌సీ చికెన్ బకెట్లు గులాబీ రంగులోకి మారాయి. బకెట్‌కు 50 సెంట్లు కోమెన్ సంస్థకు. ముట్లు ఆగిన తర్వాత ఒళ్లు పెరిగితే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెప్తుంటే, వేయించిన కోడి బకెట్ మీద ఆ రిబ్బన్! ఇలాంటి వాటిని అక్కడ పింక్‌వాషింగ్ అంటారు. మనూళ్లో అయితే పైన పటారం, లోన లొటారం అంటారు.

సరే, కొట్లో ఏం అడగాలి? ఎంత, ఎవరికి. ఇంతే. ఒక్కో చీరకు ఎన్ని రూపాయలు, ఏ ఆసుపత్రికి లేదా ఏ సంస్థకు, ఆ సంస్థ దానితో ఏం చేస్తుంది. "కొంత భాగం" అన్నారంటే అది జవాబు కాదు. కొందరు ముందే పెద్ద మొత్తం ఇచ్చేసి ఉంటారు, మనం కొన్నా కొనకపోయినా అది మారదు, అది కూడా అడిగితేనే తెలుస్తుంది. చీర నచ్చితే చీర కోసం కొనండి. సాయం చేయాలనుకుంటే ఆ డబ్బు నేరుగా ఇవ్వండి, రసీదు మీ పేరునే వస్తుంది.

(దృశ్యం: ఒంగోలు దగ్గర హైవే, పొగాకు చేలు, దూరంగా ఆకు ఆరబెట్టే బ్యారన్లు.)

ఇప్పుడు మా చిన్నమ్మ దగ్గరికి వెళ్దాం. టంగుటూరు దగ్గర పల్లె. ఆవిడ అనుమతితోనే చెప్తున్నాను, మొహం మాత్రం చూపించొద్దంది. "వేలం కేంద్రంలో అందరూ నన్నే చూస్తారు" అంది.

చిన్నమ్మకు స్నానం చేస్తుంటే ఎడమ వైపు గడ్డ తగిలింది. శనగగింజంత. నొప్పి లేదు. అప్పుడు పొగాకు నాట్లు. నాట్లయ్యాక కోత, కోతయ్యాక బ్యారన్, బ్యారన్ అయ్యాక బేళ్లు కట్టి వేలానికి తోలటం. ఏడు నెలలు. శనగగింజ కాస్తా నిమ్మకాయ అయింది, చంకలో ఇంకోటి తేలింది. చిన్నాన్నకు కూడా చెప్పలేదు. ఎందుకమ్మా అంటే ఆవిడ చెప్పిన మాట ఇది: "నొప్పుంటే చెప్పేదాన్ని అమ్మాయ్. నొప్పి లేందే ఏమని చెప్పను?"

ఇదండీ అసలు సంగతి. చిన్నమ్మకు రిబ్బన్ తెలుసు, టీవీలో చూసింది. ఆ రిబ్బన్ చూసిన వాళ్లలో ఒక్కరు కూడా ఆవిడతో "నొప్పి లేని గడ్డే ముందు చూపించుకోవాలి" అని చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నాకైనా అప్పుడు ఎక్కడ తెలుసు?

సూది పరీక్ష చేయించాలన్నప్పుడు ఇంకో గొడవ. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని ఊళ్లో ఎవరో అన్నారు. అది నిజం కాదు. ముక్క తీసి చూడకుండా ఏ రకం క్యాన్సరో తెలియదు, తెలియకుండా మందు ఇవ్వలేరు. ముందు కీమో ఎక్కించారు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్, మా ఊళ్లో అన్నట్టు కరెంటు పెట్టారు. ఆరోగ్యశ్రీ కింద జరిగింది, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో దాని కౌంటర్ దగ్గర అడిగితే కాగితాల పని వాళ్లే చెప్తారు. కీమోలో జుట్టు ఊడినప్పుడు నేనో రిబ్బన్ బ్యాడ్జీ పట్టుకెళ్లాను. చిన్నమ్మ చూసి, "జడ లేనిదాన్ని, నాకెందుకే రిబ్బను" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడే ముందు నవ్వింది.

(దృశ్యం: చేయి మాత్రమే కనిపించేలా. కుషన్ మీద చూపించడం.)

ఇప్పుడు చూసుకోవడం ఎలాగో. బహిష్టు మొదలైన ఏడు నుంచి పది రోజుల మధ్య, రొమ్ములు మెత్తగా ఉన్నప్పుడు. ముట్లు ఆగిపోయినవాళ్లు నెలలో ఒక తేదీ పెట్టుకోండి, పాలవాడికి లెక్క చూసే రోజు అయినా సరే. వేలి కొసలతో కాదు, మధ్య మూడు వేళ్ల మెత్తటి భాగంతో. రూపాయి బిళ్లంత చుట్టు తిప్పుతూ, మొదట పైపైన, తర్వాత కొంచెం ఒత్తి, తర్వాత గట్టిగా. చంక వదిలేయొద్దు. ఆ తర్వాత అద్దం ముందు చేతులు పైకెత్తి చూడండి. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడిందా, చనుమొన లోపలికి లాక్కుందా, రక్తం లాంటిది వస్తోందా. గడ్డ తగిలిందని హడలిపోవద్దు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కాకపోతే అది చెప్పాల్సింది డాక్టరు, మనం కాదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చేత్తో చూసుకోవడం ఒక్కటే ప్రాణాలు కాపాడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే సుమారు 2,66,000 మంది ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి చూశారు, ఇలా నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. మన ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు ఇంకో రకంగా చూశారు. డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. ఈ పరీక్ష చేసినవాళ్లు, చేయనివాళ్లు కలిపి లక్షన్నర మంది ఆడవాళ్లను 20 ఏళ్లు గమనించారు. 2021లో వచ్చిన ఫలితం ఏమిటంటే, 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే మన చేయి పని మన ఒంట్లో మామూలుగా ఏముంటుందో తెలుసుకోవడం. తేడా అనిపిస్తే శిక్షణ ఉన్న చేతి దగ్గరికి వెంటనే వెళ్లడం.

ఆ శిక్షణ ఉన్న చేయి దూరమేమీ కాదు. 30 దాటినవాళ్లకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష ఉచితంగా చేయాలని కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి. వాళ్లు అనుమానపడితే ఒంగోలులో, నెల్లూరులో సర్వజన ఆసుపత్రులున్నాయి. నెల్లూరులో రెడ్‌క్రాస్ వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరిచారు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో 1,92,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, 98,000 మంది చనిపోయారు. మగవాళ్లకూ వస్తుంది, వంద రొమ్ము క్యాన్సర్లలో దాదాపు ఒకటి వాళ్లది. మీసం ఉన్నవాళ్లు కూడా గడ్డ తగిలితే చూపించుకోండి.

(దృశ్యం: మడత విప్పిన చీర, చిన్నమ్మ చేతులు.)

ఇంతకీ నా 1,850 రూపాయల చీర. అది చిన్నమ్మకిచ్చాను. వెలుతురులో విప్పి చూసి, "ఇది పింకేంది, ఉల్లిపొట్టు రంగు" అంది. రాణీ కలర్ అయితేనే ఆవిడ లెక్కలో పింక్. అయినా కట్టుకుంటానంది. జాకెట్ గుడ్డ తీసుకుని వాళ్ల ఊరి టైలరమ్మ దగ్గరికి వెళ్లింది. నేనూ పక్కనే ఉన్నాను. కొలత తీసుకుంటూ ఆ అమ్మాయి ఎడమ వైపు ఆగిపోయింది. చిన్నమ్మ దాచలేదు. "ఆపరేషన్ చేశారు, ఈ పక్క లోపల మెత్త పెట్టేలా సంచి కుట్టు" అంది. ఏమైందో, ఏడు నెలలు ఎలా దాచిందో, అంతా చెప్పింది.

టైలరమ్మ టేపు మెడలో వేసుకుని, తలుపు దగ్గరికేసి వచ్చింది. "అక్కా, నాకూ ఇక్కడొకటి ఉంది. నొప్పి లేదు" అంది.

సోమవారం ముగ్గురం ఒంగోలు బస్సెక్కాం. స్కాన్ చేశారు, సూది పరీక్ష చేశారు. క్యాన్సర్ కాదు, మామూలు గడ్డే, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వేరుశనక్కాయలు కొనిపెట్టింది ఆ అమ్మాయి.

జాకెట్ మాత్రం దీపావళికి ఇస్తానంది. కార్తీక పౌర్ణమి కూడా వెళ్లిపోయింది, చిన్నమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.