మగచేపలో గుడ్డు పచ్చసొన

(దృశ్యం: నీటిలో మునిగిన దుంగ. దాని అడుగున అతుక్కున్న గుడ్లు. వాటి కిందే తిరుగుతున్న ఒక చిన్న చేప.)

వ్యాఖ్యానం: ఇది ఫాట్‌హెడ్ మిన్నో. ఉండేది వేలెడంత. మగది. ఆడచేప దుంగ అడుగున గుడ్లు అంటించి వెళ్లిపోతుంది, వాటిని కాచుకునే పని దీనిది. వీపు మీద మెత్తని దిండు లాంటి చర్మం కనిపిస్తోందా? దానితో గుడ్లను రుద్ది శుభ్రం చేస్తుంది. దగ్గరకొచ్చిన చేపలను ముక్కు మీది బొడిపెలతో పొడిచి తరిమేస్తుంది. ఆ దిండు, ఆ బొడిపెలు, ఆ కాపలా బుద్ధి అన్నీ మగ హార్మోన్ల వల్ల వచ్చినవే.

ఈ నీటిలో స్త్రీ హార్మోను కలిస్తే ఏమవుతుంది?

(దృశ్యం: అడవి మధ్య సరస్సు, పడవ.)

కెనడాలోని ఒంటారియోలో పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సులు ఉన్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో కరెన్ కిడ్ బృందం 2001 నుంచి మూడు వేసవులు ఇథినైల్ ఎస్ట్రాడయోల్ కలిపింది. గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజన్, అంటే కృత్రిమ స్త్రీ హార్మోను ఇది. కలిపినది లీటరుకు 5, 6 నానోగ్రాములే. అంటే ఒక గ్రాము మందును దాదాపు 20 కోట్ల లీటర్ల నీటిలో కలిపినట్టు. ఈ లెక్క నేను నమ్మలేక రెండుసార్లు వేసుకున్నాను.

ఆ కాస్తకే మగచేపల ఒంట్లో విటెల్లోజెనిన్ వేల రెట్లు పెరిగింది. గుడ్డులో పచ్చసొనకు ముడిసరుకైన ప్రొటీన్ ఇది. దీన్ని తయారు చేసే జన్యువు మగచేప కాలేయంలోనూ ఉంటుంది, కానీ మామూలుగా నిద్రాణంగా ఉంటుంది. ఈస్ట్రోజన్ తగలగానే మేలుకుంటుంది. ఆడచేపలో ఆ ప్రొటీన్ గుడ్లలోకి చేరుతుంది. మగచేపలో చేరడానికి గుడ్లు లేవు. రక్తంలోనే పేరుకుపోయి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వృషణాలు ఎదగలేదు. కొన్నింటిలో వృషణాల మధ్యే గుడ్డు కణాలు కనిపించాయి.

పెద్ద చేపలు చచ్చి తేలలేదు, అందుకే గట్టు మీద నిలబడి చూసేవారికి ఏ తేడా తెలియదు. కానీ రెండో ఏడాది శరదృతువులో వల వేస్తే, ఆ ఏడు పుట్టాల్సిన పిల్లలు లేవు. మిన్నో బతికేదే కొద్ది ఏళ్లు. కొత్త తరం రాకపోయేసరికి ఆ జాతి సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వాటిని తిని బతికే ట్రౌట్ చేపలకు తిండి కరువై అవీ తగ్గాయి.

(దృశ్యం: నదిలోకి కలుస్తున్న శుద్ధి కేంద్రం కాలువ.)

బ్రిటన్ నదుల్లో ఇలాంటి మార్పు ఎవరూ ప్రయోగం చేయకుండానే జరిగింది. మురుగునీటి శుద్ధి కేంద్రాలకు దిగువన కొన్నిచోట్ల పట్టిన మగ రోచ్ చేపలన్నింటిలోనూ ఆడ లక్షణాలు ఉన్నాయని 1998లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నేరమంతా మాత్రల మీద మోపడం మాత్రం న్యాయం కాదు. మాత్రల్లోని హార్మోను మూత్రంతో మురుగులో కలిసేది నిజమే, కానీ మనుషుల మూత్రంలో సహజ ఈస్ట్రోజన్లూ ఉంటాయి. కాకపోతే కృత్రిమమైనది మొండిది. కాలేయం త్వరగా విరగ్గొట్టకుండా ఉండేందుకే దాని అణువుకు ఒక అదనపు కొమ్మ తగిలించారు. మాత్రకు బలమైన ఆ కొమ్మే నదిలోనూ దాన్ని ఎక్కువకాలం నిలబెడుతోంది.

పశువుల బరువు పెంచడానికి వాడే కృత్రిమ మగ హార్మోను ట్రెన్‌బొలోన్ దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. అది తగిలిన ఆడ మిన్నోల ముక్కు మీద మగ బొడిపెలు మొలుస్తాయి, గుడ్లు తగ్గిపోతాయి.

మందు మానేయమని నేను ఎవరికీ చెప్పను. మన మురుగు శుద్ధి కేంద్రాలను కట్టింది మలినాలను, క్రిములను తగ్గించడానికి, నానోగ్రాముల హార్మోన్లను పట్టడానికి కాదు. ఓజోన్, ఉత్తేజిత బొగ్గు ఆ పని చాలావరకు చేయగలవు. స్విట్జర్లాండ్ ఎంపిక చేసిన కేంద్రాల్లో ఈ అదనపు దశను తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2024లో చట్టం మార్చి, ఈ ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలంది. నా దృష్టిలో ఇది సరైన పంపకం.

(దృశ్యం: మళ్లీ అదే దుంగ.)

260వ సరస్సులో మందు కలపడం ఆపిన కొన్నేళ్లకు మిన్నోలు తిరిగి పెరిగాయి. అక్కడ ఆపడం సాధ్యమైంది. శుద్ధి కేంద్రం దిగువన నదిలోకి మాత్రం ఆ నీరు ఈ పూట కూడా వచ్చి కలుస్తోంది.