ఎవరూ ఆశ్చర్యపోని మరణాలు

శ్రోతలకు నమస్కారం.

2013 డిసెంబరు 28న జపాన్ దేశంలో, క్యోటో ప్రాంతానికి చెందిన ముకో అనే చిన్న నగరంలో 75 ఏళ్ల వృద్ధుడొకరు తన ఇంట్లోనే కుప్పకూలి మరణించారు. ఆయనకు పెళ్లయి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఆ వయసులో గుండె ఆగిపోవడం వింత కాదు కనుక ఆ మరణం కూడా సహజ మరణాల లెక్కలో కలిసిపోవలసిందే. కానీ పోస్టుమార్టంలో ఆయన శరీరంలో సైనైడ్ ఉన్నట్టు తేలింది. ఆయన భార్య చిసాకో కకెహి అప్పటికి 67 ఏళ్ల స్త్రీ. పోలీసులు ఆమె గతాన్ని తవ్వుతూ పోగా, ఆమెతో జీవితం పంచుకున్న, లేదా పంచుకోబోయిన మగవారు ఒకరి తరువాత ఒకరుగా కన్నుమూసిన సంగతి బయటపడింది.

జపాన్‌లో అప్పటికే ప్రతి నలుగురిలో ఒకరు 65 ఏళ్లు దాటినవారు. జీవిత భాగస్వామిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలిన వృద్ధులకు తోడు వెతికిపెట్టే పెళ్లిళ్ల బ్యూరోలు అక్కడ చాలానే ఉన్నాయి. చిసాకో అటువంటి బ్యూరోలలో పేరు నమోదు చేసుకుని, ఆస్తిపరుడై, పిల్లలు లేక ఒంటరిగా ఉంటున్న వరుడు కావాలని కోరేదని అప్పటి పత్రికలు రాశాయి. మన పెద్దలు సంబంధం కుదుర్చుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలనేవారు. అయితే ఆ ఆరా తీసేది ఎప్పుడూ పడుచువారి పెళ్లికే. డెబ్బై దాటిన మనిషి తోడు కోసం పెళ్లి చేసుకుంటానంటే, వచ్చే మనిషి ఎవరు, ఆమె మునుపటి భర్త ఎలా పోయాడు అని ఊరు తిరిగి కనుక్కునే మేనమామ గానీ అన్నగారు గానీ అప్పటికి బతికి ఉండరు. పిల్లలు కూడా లేనివారినే ఆమె ఎందుకు ఎంచుకున్నదో వేరే చెప్పనక్కరలేదు.

కోర్టులో రుజువైన నేరాలు నాలుగు, అందులో మూడు హత్యలు, ఒకటి హత్యాయత్నం. అన్నిటికంటే ముందుది 2007లో కోబే నగరంలో జరిగింది. ఆమెకు పెద్ద మొత్తం, సుమారు నాలుగు కోట్ల యెన్‌లు, ఇచ్చిన వృద్ధ మిత్రుడొకరు ఆమెతో కలిసి భోజనం చేసిన కొద్దిసేపటికే వీధిలో పడిపోయారు. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్లీ కోలుకోలేదు. 2012లో మరొకరు మోటారు సైకిల్ నడుపుతూ పడిపోయి మరణించారు. 2013 సెప్టెంబరులో ఇంకొకరు పోయారు, ఆ ఏడాది చివర భర్త. ఆరోగ్యానికి మంచిదని చెప్పి ఇచ్చిన గొట్టం మాత్రలో సైనైడ్ నింపి మింగించిందని ప్రాసిక్యూషన్ వాదించింది. సైనైడ్ లోపలికి వెళితే రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీర కణాలు దానిని వాడుకోలేవు. నిమిషాలలో మనిషి పడిపోతాడు, పైకి చూసేవారికి అది గుండెపోటులాగే కనబడుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ విషం కాదు, అది ఇన్నేళ్లు దాగిన చోటు. జపాన్‌లో పోలీసుల దృష్టికి వచ్చే మృతదేహాలలో పోస్టుమార్టం జరిగేవి ఇంచుమించు పదింటిలో ఒకటి మాత్రమే. ముసలితనం, దానికి తోడు ఏదో ఒక పాత జబ్బు ఉంటే, కారణం అక్కడే దొరికినట్టు అందరూ తృప్తి పడతారు. ఆ తృప్తే ఆమెకు అన్నేళ్లూ అండ అయింది.

వారసత్వంగానూ ఇతరత్రానూ ఆమెకు చేరిన సొమ్ము వంద కోట్ల యెన్‌ల దాకా ఉంటుందని వార్తలు వచ్చాయి. అందులో అధిక భాగం షేర్లలోనూ, రాబోయే ధరల మీద ముందుగానే ఒప్పందాలు కుదుర్చుకునే ఫ్యూచర్స్ వ్యాపారంలోనూ హరించుకుపోయింది. పత్రికలు ఆమెకు, జతకట్టిన మగ పురుగును తినేసే సాలీడు పేరు మీద ‘నల్ల వితంతువు’ అని ముద్ర వేశాయి. ఆ పేరు నాకు నచ్చదు. సాలీడుది ఆకలి, ఈమెది లెక్క.

ఆమెను 2014 నవంబరులో అరెస్టు చేశారు. క్యోటో జిల్లా కోర్టులో న్యాయమూర్తులతో పాటు సామాన్య పౌరులు కూడా కూర్చుని విన్న ఆ విచారణ నెలల తరబడి సాగింది. ఒక దశలో భర్తను చంపానని ఒప్పుకున్న చిసాకో, తరువాత ఆ మాట తనకు గుర్తే లేదన్నది. మతిమరుపు వ్యాధి వల్ల ఆమె విచారణకు తగిన స్థితిలో లేదని ఆమె న్యాయవాదులు వాదించారు. వృద్ధాప్యాన్ని అడ్డం పెట్టుకుని సాగిన నేరానికి చివరికి వృద్ధాప్యమే వాదనగా మారడం విచిత్రమే. కోర్టు దానిని అంగీకరించక 2017 నవంబరు 7న మరణశిక్ష విధించింది. 2021లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది.

ఆ శిక్ష అమలు కాలేదు. 2024 డిసెంబరు 26న, ముకోలో భర్త చనిపోయి పదకొండేళ్లు నిండడానికి రెండు రోజుల ముందు, చిసాకో కకెహి 78వ ఏట ఒసాకాలో ఖైదీగానే మరణించింది.