నూనె ప్యాకెట్టు మీద బరువు చూడండి

వేదిక మీది పెద్దలకు, బజారు పని ముగించుకుని సంచులతోనే వచ్చేసిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకే ఏటా ఈ రోజున ఈ సభ. ఆ చట్టం గురించి చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను, కానీ ముందు నూనె సంగతి తేలాలి.

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె, ఇండోనేషియా ఎగుమతులు ఆపడంతో పామాయిల్ మండిపోయాయి. ధర పెరిగితే కంటికి కనిపిస్తుంది, తిట్టుకుంటూనే కొంటాం. బరువు తగ్గితే కనిపించదు. నా కోపమంతా అక్కడే.

లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. వంటనూనె నిర్ణీత కొలతల్లోనే అమ్మాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. తూనికలు, కొలతల నిబంధనలకు 2021లో చేసిన సవరణలో ఆ కొలతల పట్టిక ఎత్తేశారు. ఇప్పుడు లీటరు ప్యాకెట్టులాగే కనిపించే కవరులో 850 గ్రాములు, 800 గ్రాములు పోసి పక్కపక్కనే పేరుస్తున్నారు.

మా వీధిలో ఇళ్లలో పని చేసుకునే ఒకామె చవక అనుకుని అలాంటిదే తెచ్చుకుంది. నెలాఖరుకు ముందే నూనె అయిపోయింది. నేను ఆ సూపర్ మార్కెట్‌కు వెళ్లి అడిగాను. "బరువు వేశారు కదండీ, చూసుకుని కొనాలి" అన్నాడు మేనేజరు. ఆ మాట ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆవగింజంత అక్షరాలు, అవి కూడా హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలంటుంది నిబంధన. ఆమె ఎలా చూసుకుంటుంది?

లెక్క వేద్దాం. 910 గ్రాములు 165 రూపాయలు, 800 గ్రాములు 150 రూపాయలు అనుకోండి. వంద గ్రాములకు మొదటిది 18 రూపాయల 13 పైసలు, రెండోది 18 రూపాయల 75 పైసలు. పదిహేను రూపాయలు మిగిలాయనుకున్న మనిషే ఎక్కువ ఇచ్చుకుంది! కిలోకు తక్కువైన ప్యాకెట్టుపై గ్రాము ధర వేయాలంటుంది నిబంధన. అంటే ఒకదానిపై 0.18, ఇంకోదానిపై 0.19. దాన్ని చూసి ఎవరికి ఏం బోధపడుతుంది?

నాణ్యత మాట కూడా చెప్పాలి. ప్యాకెట్టు మీద "మల్టీ సోర్స్" అని ఉంటే అది రెండు నూనెల మిశ్రమం, ఇదివరకు "బ్లెండెడ్" అనేవారు. కలపడం నేరం కాదు, ఏ నూనెకైనా కనీసం 20 శాతం వాటా ఉండాలి. అంటే ఖరీదైన నూనె ఐదో వంతే ఉండి, మిగతాది చవక నూనె కావచ్చు. ఆ శాతాలు ప్యాకెట్టు మీదే ఉంటాయి, వెతకండి. ఏడాది పాటు నిలవాల్సిన ఆవకాయలో ఏం పోస్తున్నామో తెలియకపోతే ఎలాగమ్మా?

మళ్లీ బరువు దగ్గరికే వస్తాను. సంచుల్లో నూనె ప్యాకెట్లు ఉన్నవాళ్లు ఇప్పుడే బయటకు తీయండి. కళ్లజోడు లేనివారికి పక్కన కూర్చున్న పిల్లలు చదివి వినిపించండి. వేసిన దానికన్నా బరువు తగ్గిందని అనుమానం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. పాత కొలతలు తిరిగి తేవాలని, కిలో ధరను పెద్ద అక్షరాలతో తెలుగులో వేయాలని వినతిపత్రం రాశాం. ఆ బల్ల మీద ఉంది. చట్టం చరిత్ర నేను చెప్పేలోగా అందరూ సంతకాలు పెట్టండి.