మూడు రెట్లు చాలవా?

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చాలా మంచి మాటలు చెప్పారు, కృతజ్ఞతలు. సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మిథనాల్ తిని బతికే ఈస్ట్ ఉందని 1969లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఒగాటా బృందం చూపించింది. మనకు విషమైనది దానికి తిండి. ఆ తిండి మీద మొదట పనిచేసే ఎంజైమే ఆల్కహాల్ ఆక్సిడేజ్. ఆక్సిజన్‌ను వాడుకుని మిథనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది. దాంతోపాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. ఈ పని పెరాక్సిసోమ్ అనే సంచిలో జరుగుతుంది. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే క్యాటలేజ్ కూడా ఆ సంచిలోనే ఉంటుంది.

ఈ ఎంజైమ్ మిథనాల్‌ను గట్టిగా పట్టుకోలేదు. ఆ లోటు తీర్చుకోవడానికా అన్నట్టు ఈస్ట్ దాన్ని కుప్పలుగా తయారుచేస్తుంది. మిథనాల్ మీద పెంచినప్పుడు కణంలోని కరిగే ప్రోటీన్‌లో 30 శాతం దాకా ఇదొక్కటే ఉండవచ్చు. ఈ 30 గుర్తుపెట్టుకోండి.

తర్వాత కైనెటిక్స్, అంటే ఎంజైమ్ పనిచేసే వేగం గురించి చెబుదామని రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

చాలా ఏళ్ల కిందట నా విద్యార్థిని ఒకరు ఈ ఎంజైమ్‌ను శుద్ధి చేసింది. గాజుపూసలతో కణాలు పగలగొట్టి, అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపించి, ప్రోటీన్లను వేరుచేసే గొట్టాలు, అంటే కాలమ్‌లు, రెండు నడిపింది. ట్యూబులో పసుపు రంగు ద్రావణం వచ్చింది, అది ఎంజైమ్‌ను అంటిపెట్టుకుని ఉండే ఎఫ్ఏడీ అనే సహాయక అణువు రంగు. ప్రోటీన్లను పరిమాణం వారీగా విడదీసే జెల్ మీద 74 వేల డాల్టన్ల అణుభారం దగ్గర ఒక్కటే బ్యాండ్. ఎంజైమ్‌ను విడగొట్టకుండా కొలిచే జెల్ ఫిల్ట్రేషన్‌లో 6 లక్షల దగ్గర వచ్చింది. అంటే ఎనిమిది ఉపభాగాలు కలిసిన ముద్ద. ఏ లోపమూ లేదు. సమీక్షకు వచ్చిన నిపుణులొకరు శుద్ధి పట్టిక చివరి వరుసలో స్పెసిఫిక్ యాక్టివిటీ, అంటే ఒక మిల్లీగ్రాము ప్రోటీన్ చేసే ఎంజైమ్ పని, ఎన్ని రెట్లు పెరిగిందో చూసి, "మూడు రెట్లేనా? దీన్ని శుద్ధి అంటారా?" అన్నారు.

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఏమీ మాట్లాడలేదు.

లెక్క ఎంత చిన్నదో చూడండి. క్రూడ్‌లో, అంటే కణాలు పగలగొట్టగానే వచ్చే శుద్ధి చేయని రసంలో, వంద మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటే అందులో 30 మన ఎంజైమే అనుకోండి. మిగతా 70 మొత్తం తీసేసినా స్పెసిఫిక్ యాక్టివిటీ వందను 30తో భాగించినంతే పెరుగుతుంది. అంటే 3.3 రెట్లు. అంతకు మించి పెరగడానికి తీసేయాల్సినదే మిగల్లేదు! క్రూడ్‌లో వెయ్యోవంతు ఉన్న ఎంజైమ్‌కు వెయ్యి రెట్లు కావాలి, దీనికి మూడు చాలు. రెట్ల సంఖ్య మన శ్రమకు కొలత కాదు. మొదట్లో ఎంజైమ్ ఎంత ఉందన్నదే అది చెబుతుంది.

ఇంకో మాట. పుట్టిన పెరాక్సైడ్‌తో రంగు తెప్పించే పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైమ్‌ను వాడి యాక్టివిటీ కొలిచేటప్పుడు క్రూడ్‌లోని క్యాటలేజ్ పెరాక్సైడ్‌ను మింగేస్తుంది. క్రూడ్ రీడింగ్ తక్కువొస్తుంది. క్యాటలేజ్ పోయాక యాక్టివిటీ పెరిగినట్టు కనిపిస్తుంది, రికవరీ, అంటే మొదట ఉన్న యాక్టివిటీలో చివరికి దక్కిన వంతు, నూరు శాతం దాటవచ్చు. కాబట్టి ఈ ఎంజైమ్‌కు పది రెట్లు చూపించిన పట్టిక కనబడితే మెచ్చుకునే ముందు క్రూడ్‌ను ఎలా కొలిచారో అడగండి.

ఆ అమ్మాయి మరో ఆరు నెలలు పనిచేసింది. మూడో కాలమ్, నాలుగో కాలమ్ వేసింది. ఎంజైమ్ పలచబడింది, పసుపు వెలిసింది, యాక్టివిటీ పోయింది. 58 శాతం ఉన్న రికవరీ 11కి దిగింది. రెట్లు మాత్రం పెరగలేదు. రాత్రి పొద్దుపోయేదాకా కోల్డ్ రూమ్‌లో నిలబడి తనలోనే ఏదో తప్పుందనుకుంది. ఆ లెక్క నాకు తట్టింది ఆ తర్వాతే.

రేపు పరీక్షకులుగా వెళ్లే మీరందరూ దయచేసి వినండి. పట్టికలో రెట్లు చూసే ముందు రికవరీ చూడండి, జెల్ చూడండి. విద్యార్థుల పక్కన గైడ్‌లుగా కూర్చునేవాళ్లూ, ఆ క్షణంలో నోరు విప్పండి.

ఇప్పుడు తెర మీద ఒక పట్టిక వేయమంటున్నాను. ఆ అమ్మాయిని అడిగి, ఒప్పుకున్నాకే తెచ్చాను. నాలుగు కాలమ్‌ల శుద్ధిది కాదు, రెండు కాలమ్‌లతో చేసిన మొదటి శుద్ధి పట్టిక. చివరి వరుసలో 3.1 అని ఉంటుంది, చూడండి.