తల ఎత్తి చూడటం

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు గురించి మాట్లాడదామనుకున్నా, మొత్తం జబ్బు గురించి కాదు లెండి, ఈ కాసేపట్లో అయ్యే పని కాదు, అందులో ఒక్క ముక్క, భయం గురించి. అందరూ నన్నే చూస్తున్నారు, నన్ను ఏదో చేసేస్తారు అనే భయం.

మా బంధువుల్లో ఒకబ్బాయి ఉన్నాడు. వాళ్ళమ్మ పాల ప్యాకెట్ తెమ్మంటే గేటు దాకా వెళ్ళేవాడు, గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడేవాడు, వీధిలో ఎవరన్నా కనపడితే వెనక్కొచ్చేసేవాడు. ఎప్పుడన్నా వెళ్ళినా తల దించుకుని, సొంత చెప్పులు చూసుకుంటూ పరుగులాంటి నడక. మేమంతా బద్ధకం అనుకున్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో డేనియల్ ఫ్రీమన్ అనే సైకాలజిస్ట్ ఉన్నారు. ఆయన టీమ్ 2016లో ఒక స్టడీ రిపోర్ట్ చేసింది, నాకు చాలా ఇష్టమైనది, అందుకే తీరిగ్గా చెప్తా. ఇలాంటి భయం గట్టిగా ఉన్నవాళ్ళు 30 మందికి వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ, హెడ్‌సెట్ పెట్టారు. అది కళ్ళకి కట్టుకోగానే ఉన్న గది మాయమైపోయి మీరు అండర్‌గ్రౌండ్ రైల్లో ఉంటారు, ఎటు తిరిగితే అటు మనుషులే. తర్వాత లిఫ్ట్, ఇరుకు, ఇంకా దగ్గరగా మనుషులు. వాళ్ళంతా కంప్యూటర్ బొమ్మలే, అది తెలుసు, అయినా గుండె దడదడలాడుతుంది.

సగం మందిని మీరు మామూలుగా బయట ఎలా ఉంటారో అలాగే ఉండండి అన్నారు, అంటే తల దించుకునే. మిగతా సగం మందికి మాత్రం ఒక్క మాట చెప్పారు, తల ఎత్తి చూడండి, ఆ మనుషుల దగ్గరికెళ్ళండి, మొహంలో మొహం పెట్టి నిలబడండి, ఏమన్నా అవుతుందేమో మీరే చూడండి. ఇదంతా అరగంట పని. ఆ రోజు అయ్యేసరికి తల ఎత్తి చూసినవాళ్ళలో సగం మందికి పైగా ఆ తీవ్రమైన భయంలోంచి బయటపడ్డారు. తల దించుకున్నవాళ్ళలో అయిదో వంతు మందే.

రైలు అదే, లిఫ్టూ అదే. తల దించుకుని క్షేమంగా ఇల్లు చేరినవాడికి మనసు ఏం చెప్తుందండీ? తల దించుకున్నావు కాబట్టే బతికావు అని చెప్తుంది. అందుకే ఆ భయం అక్కడే ఉండిపోతుంది.

తర్వాత ఫ్రీమన్ గారి టీమే 346 మందితో ఇంకా పెద్ద ట్రయల్ చేసింది, 2022లో ఫలితాలొచ్చాయి. అందులో హెడ్‌సెట్‌లో బస్సు, కొట్టు, డాక్టర్ వెయిటింగ్ రూమ్ లాంటివి కనిపిస్తాయి, పెట్టుకున్నవాళ్ళ పక్కన సాయానికి నిజం మనిషి ఒకరు ఉంటారు. భయం ఎక్కువున్నవాళ్ళకే మేలు ఎక్కువ జరిగింది. మందుల బదులు కాదండోయ్, మందులతో పాటే.

ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళున్న అమ్మానాన్నలకి ఒక్కటే చెప్తా. హెడ్‌సెట్ లేకపోతే పోనీ, మందులు ఆపకండి, డాక్టర్ని అడిగి, మీరు పక్కనుండి, జనం తక్కువున్న టైమ్‌లో కొట్టు దాకా తీసుకెళ్ళండి, చిల్లర తీసుకునేటప్పుడు కొట్టాయన మొహం ఒక్కసారి చూడమనండి, ఆ రోజుకి అంతే చాలు. తిట్టొద్దు, తొందరపెట్టొద్దు. ఎవర్ని అడగాలో తెలియకపోతే టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, నంబర్ 14416. మళ్ళీ చెప్తున్నా, రాసుకోండి, 14416.